ఆట చెడెనా? బేరము చెడెనా?

ఈ నెల మన ముచ్చటకు వేసవి యూరగాయలనుగూర్చి వ్రాయదలచియుంటిని. కాని మా కుటుంబమున జరిగిన యొక వ్యవహారము నా మనసును విడువకున్నది. అది పిల్లల యాటలకు సంబంధించినది. పైకి చిన్న విషయమే. లోనికి దిగి చూచినచో ఇంటి సొమ్మును, ఇంటి శాంతినిగూడ తాకునది. కావున ఆవకాయను వచ్చు నెలకు వాయిదావేసి దీనినే మీ ముందుంచుచున్నాను.

మొన్నటి సంక్రాంతికి జనగామలోని మా యింటికి చుట్టములందరును వచ్చిరి. నా కడగొట్టు తమ్ముడు భూపాలపల్లి సింగరేణి గనులలో ఉద్యోగి. నాకంటె పదునైదేండ్లు చిన్నవాడు. వాని కూతురు ఇంజనీరింగు చదువుచున్నది. నా కూతురిని మహబూబాబాదు చేరువ పల్లెలో మిరప పండించు ఇంటికిచ్చితిమి. అదియు తన పదునొకండేండ్ల కుమారునితో వచ్చినది. భోజనములైన పిమ్మట నేను సకినాలు డబ్బాలకెత్తుచుంటిని. మనుమడు గోడకానుకొని ఫోనులో ఏదో తుపాకుల యాట ఆడుచుండగా మా తమ్ముడు చూచి పెదవి విరిచెను.

"అక్కా! ఈ కాలపు వీడియో ఆటలు చెడిపోయినవి. మా చిన్ననాటి ఆటలలో నున్న పస వీనిలో లేదు" అనెను.

"చెడినవి ఆటలు కావు నాన్నా, మీకు వయసు మీరినది" అని వాని కూతురు నవ్వెను.

అంతటితో తండ్రికూతుళ్లకు వాదము ముదిరినది. నాకా ఆటల యోనమాలు తెలియవు. అయినను ఇంటిలో ఇద్దరు వాదించునపుడు ఇరువురి మాటయు వినుట మనకు అలవాటే గదా! చేతి పని చేయుచునే చెవి యొగ్గితిని.

మా తమ్ముని వాదమిది. వాని బాల్యమున టెలివిజనుకు తగిలించు ఆటపెట్టెలుండెడివి. బస్సుల నిలయము చేరువ ఒక దుకాణములో గంటకింతయని పుచ్చుకొని ఆడనిచ్చెడివారు. జపానువారు 1985లో వెలువరించిన మారియో ఆటను వాడు అక్కడనే నేర్చెను. మీసాలవాడొకడు గోతులు దూకుచు, పుట్టగొడుగులను మ్రింగుచు, చెరబట్టబడిన రాకుమారిని విడిపించుటకు పోవుట దానిలోని కథ. 1984లో మాస్కోనగరమున అలెక్సీ పజిత్నోవ్ అను శాస్త్రజ్ఞుడు చేసిన టెట్రిస్ అను ఆట మరియొకటి. పైనుండి జారిపడు పలకలను సందులేక పేర్చుటయే దానిలోని పని. మన పెట్టెలో చీరలు సర్దినట్లే యుండును. 1989లో వచ్చిన పర్షియా రాకుమారుని ఆటకై జోర్డన్ మెక్నర్ అనునతడు తన తమ్ముని పరుగెత్తించి, దూకించి, చిత్రములు తీసి, వానినిబట్టి బొమ్మకు నడకలు గీసెనట. "అంత శ్రద్ధ ఇపుడెవరికున్నదక్కా? ఇపుడు సగము వండిన కూరనే వడ్డించుచున్నారు" అని వాడు దీర్ఘముగా నిట్టూర్చెను.

సగము వండిన కూర యనుట వట్టి నిందయు గాదు. పోలండు దేశమువారు 2020 డిసెంబరులో ఎంతో ఆర్భాటముతో అమ్మిన సైబర్‌పంక్ 2077 అను ఆట, కొన్ని యంత్రములపై అడుగడుగున తడబడినందున, సోనీ కంపెనీవారు దానిని తమ యంగడినుండి కొన్ని నెలలు తీసివేసి, కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. పిమ్మట దానిని బాగుచేసిరి, నిజమే. కాని ముందు అమ్ముట, వెనుక బాగుచేయుట అనునది మంచి మర్యాద యెట్లగును?

ఇక మా మేనకోడలి వాదము వినుడు. "అత్తా! నాన్న చెప్పినవి ఆ కాలమున వచ్చిన వేల ఆటలలో నిలిచిన నాలుగైదు మాత్రమే. తక్కినవి ఏమైనవో యడుగుము" అనెను. అడుగగా తానే చెప్పినది. 1982లో ఒక ప్రసిద్ధ చలనచిత్రము పేరు చెప్పి అమెరికాలోని అటారీ కంపెనీవారు ఇ.టి. అను ఆటను అయిదారు వారములలో చేయించి పండుగ బేరమునకు దింపిరట. అది యెవ్వరికిని రుచింపలేదు. మరుసటి సంవత్సరము ఆ దేశమున ఆటల వ్యాపారమే కుప్పకూలెను. అమ్ముడుపోని సరకును న్యూమెక్సికో యెడారిలో పూడ్చిపెట్టిరి. 2014లో త్రవ్వి చూడగా ఆ ఆట పెట్టెలు నిజముగనే బయటపడినవి.

"అంతేకాదు నాన్నా! మీ ఆటపెట్టెపై లక్షల ఆటలున్నవని వ్రాసియుండెడిదని మీరే చెప్పితిరి. లోపల ఎన్ని యుండెడివి?" అని యడిగినది. మా తమ్ముడు నవ్వుచు, "ఇరువదియో ముప్పదియో. వానినే పేరు మార్చి మార్చి చూపెడివారు" అని యొప్పుకొనెను.

ఇది విన్నంతనే నాకు చేట గుర్తుకు వచ్చినది. బియ్యము చెరిగిన పిమ్మట చేటలో గింజలే మిగులును. పొట్టు గాలికి పోవును. ముప్పది నలుబదియేండ్లు కాలము చెరిగిన చేటను తెచ్చి, నిన్న నూర్చిన కుప్పతో పోల్చినచో కుప్పలో పొట్టే కనబడును. పాటలు, చీరలు, పెండ్లివిందులు అన్నింటియందును మనమీ పొరపాటే చేయుచుందుము.

ఆ సాయంకాలము మేనకోడలు నాకు మూడు క్రొత్త ఆటలు చూపినది. 2014లో లండనునగరమున చేసిన మాన్యుమెంట్ వ్యాలీ అను దానిలో ఈడా యను చిన్నరాకుమారి చిత్రమైన కట్టడములపై నడచుచుండును. మెట్లు పైకి పోవుచున్నట్లుండి మనము త్రిప్పగనే క్రిందికి పోవును. చూచుటకు ముగ్గువలె నున్నది. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ అను ఆటను ఎరిక్ బరోన్ అను ఒక్క మనుష్యుడే బొమ్మలు, సంగీతము, కథ సమస్తమును తానై నాలుగేండ్లకు పైగా శ్రమించి చేసెను. అందు తాతగారిచ్చిన పొలమును దున్ని, విత్తి, నీరు పెట్టి, పశువులను సాకవలయును. పూనానగరమువారు 2020లో చేసిన రాజీ అను ఆటలో ఒక బాలిక రాక్షసులెత్తుకొనిపోయిన తమ్మునికై దుర్గాదేవి యిచ్చిన ఆయుధముతో బయలుదేరును. బొమ్మలు పహాడీ చిత్రముల తీరున నున్నవి. ఇట్టివి మా తమ్ముని కాలమున కలవా? లేవు. విద్య పెరిగినది, చేతి నేర్పు పెరిగినది. వాదమున కూతురే గెలిచినదని నేను తీర్పు చెప్పితిని. అందరము నవ్వుకొంటిమి.

ఆ తీర్పు సగమే సరియైనదని రెండు నెలలకుగాని తెలియలేదు.

మిరప కోతలు ముగియు వేళ నా కూతురినుండి పిలుపు వచ్చినది. గొంతు వణకుచుండెను. మరునాడే రైలెక్కి మహబూబాబాదు వెళ్లితిని. పొలము మా వియ్యపురాలి పేర నున్నందున మిర్చి యమ్మిన సొమ్ము ఆమె ఖాతాలోనే పడును. కూలీల కీయవలసిన రూకలకై చూడగా తొమ్మిదివేల చిల్లర తక్కువ వచ్చినది. మూడు వారములలో కొంచెము కొంచెముగా, వందయు రెండువందలుగా, ఫోనులోని యాటకు పోయినట్లు బ్యాంకువారు చెప్పిరి. నా కూతురు కొడుకును కొట్టినది. వాడు రెండు పూటలు అన్నము ముట్టలేదు. "ఫోను చేతికిచ్చినది నీవే గదా" అని అత్త కోడలిని, "సంఖ్య చెప్పినది మీరే గదా" అని కోడలు అత్తను అనుకొని, ఒకరితో నొకరు మాటాడుట మానియుండిరి.

వియ్యపురాలి యింట నేను నోరు విప్పుట కష్టమే. అయినను జరిగినది తరచి చూడగా ఎవరిని తప్పుపట్టుటయు సులభముగా తోచలేదు. వియ్యపురాలికి ఫోనులో సొమ్ము పంపుట రాదు. ఏడాదిగా విత్తనముల దుకాణమునకు, కిరాణమునకు, కరెంటు బిల్లుకు ఆమె బదులు రహస్యసంఖ్య నొక్కుచుండినది ఆ బాలుడే. "మా మనుమడు ఎంత తెలివిగలవాడో!" అని అందరము మెచ్చుకొన్నవారమే. కోతల కాలమున తల్లి పొలములో నుండగా వాడు ఇల్లు కదలకుండుటకు ఫోనే దిక్కయినది. అనగా వానిని ఇంటికి గుమాస్తాను చేసినది మనమే. కావలివాడు లేని బొక్కసము ముందు కూర్చుండబెట్టినదియు మనమే.

ఆ రాత్రి వానిని ఒడిలోనికి తీసికొని, "ఏమిరా, ఆ సొమ్ముతో ఏమి కొంటివి?" అని మెల్లగా అడిగితిని.

"బట్టలు, అమ్మమ్మా" అనెను.

"బట్టలా?"

"ఆటలోని మనిషికి. ఊరకిచ్చిన బట్టలు తొడిగితే బడిలో అందరు బిచ్చగాడని నవ్వుచున్నారు. మంచి బట్టలు పెట్టెలలో నుండును. పెట్టె తెరచుటకు వజ్రములు కావలెను. వజ్రములకు రూపాయలు కావలెను. పది పెట్టెలు తెరచితిని, అమ్మమ్మా. నాకు కావలసినది రాలేదు."

"పోనీ, ఈ యాట ఎప్పటికి ముగియును?"

వాడు నన్ను వింతగా చూచి, "ముగియుట ఏమిటి అమ్మమ్మా? ఇది ముగియదు" అనెను.

సోదరీమణులారా! ఆ మాటతో నాకు విషయము తెలిసివచ్చినది. మా తమ్ముని ఆటలో రాకుమారి దొరికినపుడు ఆట ముగిసెడిది. మేనకోడలు చూపిన ఈడా కథయు పది అధ్యాయములలో ముగియును. ముగియునట్టి ఆటకు ఒక్కసారి వెల యిచ్చి కొందుము. మా మనుమని ఆటకు వెల లేదు, ఊరకే వచ్చును. వెల లేనందుననే దానికి ముగింపును లేదు. ముగిసినచో అమ్మువానికి రాబడి నిలిచిపోవును గదా! కనుక చెడినది బొమ్మయు కాదు, సంగీతము కాదు, నేర్పు కాదు. ఆడువానికిని అమ్మువానికిని నడుమ నుండు బేరము చెడినది.

ఆ బేరము నడచు తీరు కొంచెము వివరింతును. మొదటి దినములలో గెలుపు చులకనగా దొరకును, కానుకలు కురియును. పిమ్మట దారి బిగియును. 2012లో వచ్చి మన యిండ్లలో స్త్రీలుగూడ ఎందరో ఆడిన క్యాండీ క్రష్ అను మిఠాయిల ఆట మీకు తెలిసియే యుండును. అందు అయిదు ప్రాణములుండును. పోయిన ప్రాణము మరల వచ్చుటకు అర్ధగంట ఆగవలెను. ఆగలేనివారు సొమ్ము చెల్లింపవచ్చును. అనగా అచట అమ్మునది మన తొందరపాటునే. కొన్ని యాటలలో ప్రతిదినము వచ్చినవారికి ఒక బహుమానము. ఒకనాడు మానినచో వరుస తెగును. రూపాయలను ముందు వజ్రములుగానో నాణెములుగానో మార్చుదురు. రూపాయి పోవునపుడు చేయి వెనుకాడును; వజ్రము పోవునపుడు వెనుకాడదు. ఇక మూసిన పెట్టె యుండనే యున్నది. లోపల ఏమున్నదో తెలియక వెల యిచ్చుట జాతరలో చక్రము త్రిప్పు ఆటకు చెల్లెలే. బెల్జియము దేశమువారు 2018లో ఇట్టి పెట్టెలను కొన్నింటిని జూదముగనే తీర్మానించిరి.

ఆశ యనునది పూర్వకాలపు ఆటలలో లేదని చెప్పరాదు. 1980లో పుట్టిన ప్యాక్‌మ్యాన్ మొదలగు ఆటలు దుకాణములలో నాణెము వేసి ఆడునవి. ఆడువాడు త్వరగా ఓడినచో మరియొక నాణెము పడునని వానిని కఠినముగా చేసెడివారు. కాని పిల్లవాని జేబులో నాణెములు రెండో మూడో. అవి కాగానే ఇంటికి వచ్చును. యంత్రము దుకాణములోనే నిలిచియుండును. ఇపుడు యంత్రము ప్రక్కలో పండుకొనుచున్నది. మిరపపంట సొమ్మంతయు దానికి ముడిపడియున్నది. భేదమిదియే.

ప్రభుత్వములు చూచుచు ఊరకుండలేదు. తెలంగాణలో 1974 నాటి జూద చట్టమును 2017లో సవరించి, సొమ్ము పందెముగా పెట్టు ఆన్‌లైను పేకాట మున్నగువానిని నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము గెలుతుమను ఆశ చూపు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసినది. చీనాదేశమున 2021లో పదునెనిమిదేండ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారములందును సెలవు దినములందును మాత్రమే, రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిదివరకు, ఒక్క గంటయే ఆడుటకు సెలవిచ్చిరి. ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తమ వ్యాధుల పట్టికలో చేర్చగా, ఆ పట్టిక 2022 జనవరిలో అమలునకు వచ్చినది. అయినను మా మనుమడు చేసినది జూదమని చట్టము చెప్పదు. వాడు సొమ్ము గెలువదలచలేదు. బొమ్మకు బట్టలు కొనదలచెను. ఆ గడప మనమే కాయవలెను.

కాయుట ఎట్లు? ఫోనును బావిలో వేయుట వలన ప్రయోజనము లేదు. బడి పాఠములును, బంధువుల పలకరింపులును దానిలోనే యున్నవి. నేను మా కూతురి యింట చేయించిన మార్పులు చెప్పెదను. మీకు తోచినవి గ్రహింపుడు. మొదట, రహస్యసంఖ్యను మార్పించితిని. ఆ సంఖ్య బొక్కసపు తాళపుచెవి వంటిది; పిల్లలకు, పరులకు చెప్పరాదు. వియ్యపురాలికి కోడలే దగ్గర కూర్చుండి నాలుగు దినములు నేర్పగా, ఆమె తానే నొక్కుట అలవరచుకొనెను. మాటలు మానిన అత్తాకోడళ్లు ఆ నెపమున మరల పలుకరించుకొనిరి. రెండవది, ఆటలు దొరకు అంగడిలో ప్రతి కొనుగోలుకును సంకేతపదము అడుగునట్లు ఏర్పాటు చేసితిమి. మూడవది, పంటసొమ్ము పడు ఖాతాను ఫోనునుండి విడదీసి, నెల ఖర్చునకు వేరొక చిన్న ఖాతా పెట్టితిమి. పోయిన సొమ్మునకై ఆటవారికి వ్రాసితిమి. ఇది వ్రాయునాటికి బదులు రాలేదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. పిల్లవాడు క్రొత్త ఆట కావలెననునపుడు మూడు ప్రశ్నలడుగుట. ఇది ఎప్పుడు ముగియును? దీనికి వెల ఎంతయో ముందే చెప్పిరా? తల్లి పిలిచినపుడు నడుమ నిలిపి రాగలవా? ఈ మూడింటికి మంచి బదులు వచ్చినచో అది క్రొత్తదైనను ఆడనిండు. రానిచో ఎంత అందమైనదైనను వలదనుడు. ఒక మాట మరువకుడు: వలదనుటకు ముందు ఒక్కసారి ప్రక్కన కూర్చుండి చూడుడు. తానాడు ఆటను పెద్దలు చూచిరని తెలిసిన పిల్లవాడు మాట వినును; చూడకయే తిట్టినచో చాటునకు పోవును.

మొన్న వారమున మనుమడు జనగామకు వచ్చియుండగా నేల మీద సుద్దతో పులిమేక గీచితిని. మూడు పులులకు చింతగింజలు, పదునైదు మేకలకు శనగలు. ఈ యాటలో మేకలు ఒంటిగా పోయినచో పులి వానిమీదుగా దూకి చంపును. కూడియున్నచో పులికి కదలుటకు చోటుండదు. వాడు రెండుసార్లు ఓడి, మూడవసారి నా పులులను మూడింటిని కట్టివేసెను. "అయిపోయినది అమ్మమ్మా!" అని చప్పట్లు కొట్టెను. ఆ మాట వాని నోట విని నాకు కలిగిన సంతోషము మీతో చెప్పక దాచజాలను. వెంటనే ఫోను అడుగలేదా యనిన, అడిగెను. అర్ధగంట యిచ్చితిని. గడియారము చూచి తానే తెచ్చి యిచ్చెనని చెప్పుటకు లేదు; రెండుసార్లు పిలువవలసివచ్చినది. మూడవసారి మాత్రము పిలువలేదు.

మా తమ్మునికి ఈ సంగతి వ్రాయగా, "అయితే నా మాటయే నెగ్గినదా అక్కా?" అని అడిగెను. నీ మాట సగము, నీ కూతురి మాట సగము నెగ్గినదని బదులు వ్రాసితిని. మీ యిండ్లలో ఇట్టిది జరిగియున్నచో సిగ్గుపడక వ్రాయుడు. ఒక యింట పోయిన తొమ్మిదివేలు పది యిండ్లలో సొమ్ము నిలుపగలిగినచో ఆ నష్టము కొంత తీరినట్లే. ఆవకాయ సంగతి వచ్చు నెల తప్పక వ్రాయుదును.